వెండి చెవి

ఆమె పోయిందన్న కబురు విన్నప్పుడు నాకు ఏడుపు రాలేదు. ఆమె మూడు నెలలుగా మంచం దిగలేదు కాబట్టి నా మనసు ఆ కబురుకు ఎప్పుడో సిద్ధపడి ఉంది. పొద్దున మా సంఘం గ్రూపులో ఎవరో పెట్టిన ఫోటో చూశాకే ఏడుపూ కోపమూ కలిసి తన్నుకొచ్చాయి. చెన్నూరు చౌరస్తాలో ఆమె రిటైరయ్యాక ఉన్న గల్లీవాళ్ళు కట్టిన ఫ్లెక్సీ అది. నవ్వుతున్న ముఖం, రెండు పక్కలా పూలు, కింద పెద్ద అక్షరాలతో పేరు. ఆ పేరుకు ముందు 'డాక్టర్' అని ఉంది. ఆమె డాక్టర్ కాదు.

వెంటనే సలీం అన్నకు ఫోన్ చేశాను. మా కోర్సులో మొట్టమొదటి బ్యాచ్ ఆయనది. ఇప్పుడు కరీంనగర్‌లోనే ఒక ఆస్పత్రిలో పనిచేస్తాడు.

"చూసినవా అన్నా?"

"చూసిన. పోరగాండ్లు పాపం ఇజ్జత్ అనుకొనే రాసిన్రు. గని ఆపా చూసిందనుకో, పాడె మీదికెళ్ళి లేచొచ్చి చింపుతది."

"ఎత్తకముందే మార్చాలె. నేను ఆదిలాబాద్‌ల బస్సెక్కుతున్న. నువ్వు కార్ల పోతవు గద, మా బాపును గూడ తీస్కరా. సిరిసిల్లకెళ్ళి కరీంనగర్ బస్టాండ్ దాక వస్తనన్నడు."

"బాపు వస్తుండా?" అని మళ్ళీ అడిగాడు సలీం అన్న. ఆయనకు మా ఇంటి పాత కథ తెలుసు. "సరే, తెస్త. నువ్వు ఫికర్ చెయ్యకు" అన్నాడు.

ఆమె పేరు ఇక్కడ రాయను. "క్లాసుల మేడం, సంఘంల అక్క" అని ఆమే మాకు వరసలు నేర్పింది. నేను ఎప్పుడూ సంఘం వరసలోనే ఉండిపోయాను కాబట్టి నాకు అక్క. సలీం అన్నకు ఆపా.

బస్సు కిటికీ పక్కన కూర్చుని ఆమెను గుర్తు చేసుకుందామంటే ముందుగా కనబడింది ముఖం కాదు, కొప్పు. ఆ కొప్పులో ఎప్పుడూ రెండు పెన్నులు గుచ్చి ఉండేవి. ఒకటి నీలం, ఒకటి నల్లది. రోగి చెప్పిన మాట నీలం పెన్నుతో, తెలుగులో, రోగి అన్నది అన్నట్టే రాయాలి. మనకు అర్థమైంది నల్ల పెన్నుతో పక్కన రాయాలి. రెండూ కలపకూడదు. "కడుపుల ఎలుకలు ఉరుకుతున్నయి" అని ఒక ముసలాయన అంటే నేను "కడుపు నొప్పి" అని రాశాను. అక్క ఆ కాగితం నా చేతిలోంచి లాక్కుని, "ఎలుకలేవి? ఎటు పోయినయి? ఆయన చెప్పినయి నువ్వెట్ల మింగినవే?" అంది. వార్డంతా నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. మళ్ళీ వెళ్ళి ఎలుకలు రాసుకొచ్చాను.

ఇంకో గుర్తు, ఆమె చంకలో ఉండే మడత స్టూలు. వార్డులో మంచం మంచానికీ దాన్ని మోసుకెళ్ళి, పరిచి, రోగి కన్నా ఒక జానెడు కిందుగా కూర్చునేది. మధ్యాహ్నం జొన్నరొట్టె, మిరపకాయ తొక్కు మాత్రం నిలబడే తినేది. "కూసుండుడు వినేటందుకు బిడ్డా, తినేటందుకు నిలవడ్తె సాలు" అనేది. రోగి చేయి పట్టుకుని నాడి చూస్తూ పత్తి ఎంత దూరం వచ్చింది, కోడలు బాగుందా అని అడుగుతుండేది. అడిగేది కబుర్లే అయినా నాడి లెక్క ఎన్నడూ తప్పేది కాదు.

పెద్ద డాక్టరు రౌండ్స్‌కు వచ్చినప్పుడు ఆయన వెనక మేమంతా బిక్కుబిక్కుమంటూ నిలబడేవాళ్ళం. ఆయన తొందర మనిషి. రోగి నోరు తెరిచేలోపే "సరే సరే" అనేవాడు. అప్పుడు అక్క స్టూలు మీది నుంచి లేవకుండానే, "సార్, జర ఆగున్రి. మనిషి మాట అయిపోలే" అనేది. మొదటిసారి విన్నప్పుడు, ఇంకేముంది, ఈమె ఉద్యోగం ఊడింది అనుకున్నాను. డాక్టరు గారు ఆగారు. రోగి మిగతా మాట చెప్పాడు. ఆ మిగతా మాటలోనే అసలు జబ్బు ఉంది. తర్వాత తర్వాత ఆయనే, "ఆమె కాగితం మీద నీలం సిరా ఉంటే నేను మళ్ళీ అడగను" అని మాతో అన్నాడు. ఆ మాట నేను ఎన్ని చోట్ల చెప్పుకున్నానో లెక్కలేదు.

ఫిజీషియన్ అసిస్టెంట్ అనే చదువు ఒకటుందని మా వైపు ఎవరికీ తెలియని రోజుల్లో అక్క మద్రాసు పోయి చదివొచ్చిందట. మా కాలం వచ్చేసరికి కరీంనగర్‌లోనే కాలేజీ వచ్చింది కానీ, తెలియకపోవడం మాత్రం అట్లాగే ఉంది. డాక్టర్ల గేటు దగ్గరికి పోతే వాచ్‌మన్, "నర్సులు అటుకెళ్ళి పోవాలె" అనేవాడు. అటు పోతే నర్సులు, "మీరెవరు?" అనేవాళ్ళు. నర్సింగ్ వాళ్ళకు సంఘం ఉంది, ల్యాబ్ వాళ్ళకు సంఘం ఉంది, వాళ్ళ గదుల్లో గోడల మీద గొప్పవాళ్ళ పటాలున్నాయి. మా బ్యాచ్ పదకొండు మందిమి, మాకేమో గది కూడా లేదు.

అక్క పోరి పోరి మాకు మెట్ల కింద గది ఇప్పించింది. విరిగిన సెలైన్ స్టాండులు పెట్టే గది అది. మేమే ఊడ్చి, సున్నం కొట్టాం. ఎవరి పటం పెడదామని తర్జనభర్జన పడుతుంటే అక్క తన సంచిలోంచి ఒక పాత ఫోటో తీసి గోడకు కొట్టింది. ఖాకీ నిక్కరు, చేతిలో ఎనామిల్ పళ్ళెం, పళ్ళెంలో కట్లు, బక్కపలచని మనిషి.

"ఎవరక్కా?"

"మా నస్పూర్ బొగ్గుబాయి దవాఖానల డ్రెస్సర్ సాబు. మా బాపు బాయిల దెబ్బ తగిలి పైకొస్తె మొదలు చెయ్యి వెట్టింది గీయననే. ఎవ్వలన్న డాక్టర్ సాబ్ అంటె, 'నేను డ్రెస్సర్ని బిడ్డా' అనెటోడు. డాక్టరు రాంగనే ఏమైంది, ఎన్నింటికైంది, రక్తం ఎంత పోయింది, మనిషి ఏమన్నడు, అంత ఒక్క ముక్క తప్పకుంట అప్పజెప్పెటోడు. మన ఇంటిపేరు గీయనకాడికెళ్ళి వచ్చింది. మంచిగ చూస్కోన్రి."

మేం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. పక్క గదుల్లో పెద్దపెద్ద పటాలు, మాకు నిక్కరు వేసుకున్న డ్రెస్సరు. నాకైతే సిగ్గేసింది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

సంఘం బిళ్ళ సంగతి అంతకన్నా విచిత్రం. కోటుకు పెట్టుకునే ఆ బిళ్ళను అక్క కరీంనగర్‌లో వెండి తీగ పని చేసే ఒక ముసలి పనివాడితో చేయించింది. జన్మంతా నెమళ్ళూ పన్నీరు బుడ్లూ అల్లిన ఆయన, ఏ బొమ్మ కావాలో విని "చెవా?" అని రెండుసార్లు అడిగాడట. చెవే. గోరంత వెండి చెవి. దాన్ని చూసి మిగతా కోర్సుల వాళ్ళు మమ్మల్ని 'చెవుల బ్యాచ్' అని ఏడిపించేవాళ్ళు.

ఆ చెవి ఊరికే దొరికేది కాదు. మా సంఘంలో కొత్తవాళ్ళకు పార్టీ లేదు, డీజే లేదు. 'అప్పజెప్పుడు' ఉండేది. శనివారం పొద్దున ఓపీ హాలులో బెంచీ మీద ఎవరో ఒక రోగి పక్కన కూర్చోవాలి. నేనెవరు, నా పనేమిటి అన్నది వాళ్ళకు అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. చెప్పి పక్కకు జరగాలి. అప్పుడు అక్క వచ్చి స్టూలు వేసుకుని ఆ రోగిని అడుగుతుంది: "గీ పిల్ల ఎవరు?" అప్పజెప్పాల్సింది రోగి. రోగి సరిగ్గా చెబితే అక్క స్టూలు మీద అరచేత్తో ఒక్క దెబ్బ చరిచి "పాస్!" అనేది. చెవి ఇచ్చేది. 'డాక్టరమ్మ' అన్నారంటే వచ్చే శనివారం మళ్ళీ.

నా బ్యాచ్‌లో పది మంది పాసైపోయారు. నేను మూడు శనివారాలు తప్పాను. మొదటిసారి, "గీమెకు సమజ్ కాలేదక్కా" అని రోగి మీదికి నెట్టాను. రెండోసారి హాలులో గోల ఎక్కువ ఉందన్నాను. మూడోసారి అక్క నన్ను పక్కకు పిలిచి, "సిరిసిల్ల పిల్లా, నీ నోరు 'డాక్టర్ని కాదు' అంటాంది. నీ ముఖం మాత్రం 'అయితె ఏమైతది' అంటాంది. వాళ్ళు ముఖాన్ని నమ్ముతున్నరు" అంది.

నాకు ఒళ్ళు మండింది. మండటానికి కారణం, ఆ మాట నిజం కావడమే.

మా ఇల్లు సిరిసిల్లలో సాంచెల గల్లీలో. సాంచె అంటే మరమగ్గం. మా బాపు మగ్గం నడపడు, మగ్గానికి పోగులు అతుకుతాడు. నిలువు పోగులు చుట్టి ఉండే పాత బీము అయిపోగానే దాని పోగుల చివర్లకు కొత్త బీము పోగులు ఒక్కొక్కటే వేళ్ళతో మెలిపెట్టి అతకాలి. వేల పోగులు. నడుం వంచి కూర్చుంటే మళ్ళీ లేచేది పని అయ్యాకే. అట్లా కూర్చుని నన్ను చదివించిన మనిషి, గల్లీ మొత్తానికి "మా బిడ్డ డాక్టర్ సదువుతాంది" అని చెప్పుకున్నాడు. నేను తెల్ల కోటు వేసుకున్న ఫోటో పెద్దది చేయించి తలుపుకు ఎదురుగా తగిలించాడు. సెలవులకు పోతే "డాక్టరమ్మ వచ్చింది" అనేవాళ్ళు. నేను ఒక్కనాడు కూడా కాదనలేదు. ఆ పిలుపు వింటే నా నడకే మారిపోయేది.

మూడో శనివారం తర్వాత దసరా సెలవులొచ్చాయి. ఒకరోజు పొద్దున పక్కింటి లచ్చవ్వ వచ్చి మా అరుగు మీద కూలబడింది. నూలు కండెలు చుట్టే పని చేసే మనిషి, ఎప్పుడూ ఊరికే కూర్చుని ఎరగదు.

"డాక్టరమ్మా, రొమ్ముల మంట బిడ్డా. పొద్దటిసంది..."

"రాత్రి ఏం తిన్నవ్ పెద్దవ్వా?"

"బజ్జీలు తిన్న బిడ్డా. గది గాదు, దవడ గుంజు..."

"గ్యాసు పెద్దవ్వా. గీ గోలి ఏస్కో" అన్నాను. ఇంట్లో ఉన్న మాత్ర ఇచ్చాను. ఆమె రెండు చేతులా దండం పెట్టి, "దవాఖానకు పోదామనుకున్న. నువ్వున్నవు, ఇగ ఎందుకు" అంటూ ఇంటికి పోయింది. బాపు మగ్గాల షెడ్డుకు పోతూ ఇదంతా చూసి మీసాల చాటున నవ్వుకున్నాడు.

పావుగంట గడిచిందో లేదో, నాకు ఆ మాట వినబడింది: జర ఆగు, మనిషి మాట అయిపోలే. అక్క పక్కన నిలబడి అన్నట్టే అనిపించింది. ఫోన్ చేశాను. జరిగింది చెప్పబోతే అక్క అడ్డం పడింది.

"నీ ముచ్చట తర్వాత. నీలం పెన్ను మాట చెప్పు. ఆమె ఏమన్నదో గదే చెప్పు."

"రొమ్ముల మంట అన్నది. పొద్దటిసంది అన్నది. బజ్జీలు తిన్న అన్నది."

"ఇంకా?"

"గది గాదు అన్నదక్కా. దవడ గుంజు... అన్నది. నేనే ఆపిన."

అక్క గొంతు ఎంత నెమ్మదిగా వచ్చిందంటే ఇప్పటికీ వినబడుతుంది. "గుండె కావచ్చు. ఆమెను ఒక్క అడుగు నడవనియ్యకు. అంబులెన్సు పిలువు. ముందుగాల సిరిసిల్ల దవాఖానల ఈసీజీ తీస్తరు, గాడికెళ్ళి కరీంనగర్ పంపుతరు. నేను ఈడ గేటుకాడ ఉంట. నువ్వు ఆమె పక్కన్నే కూసో. మాట అడుగు, విను. విన్నది రాయి."

లచ్చవ్వ బతికింది. గుండె నరం ఒకటి పూడుకుపోయిందన్నారు, ఇంకో గంట ఆలస్యమైతే చెప్పలేమన్నారు. అక్క గేటు దగ్గరే నిలబడి ఉంది. స్ట్రెచరు పక్కనే నడుస్తూ, నేను దారిలో రాసిన కాగితం చదివి డాక్టరుకు అప్పజెప్పింది. లచ్చవ్వను లోపలికి తీసుకుపోయాక నేను గోడ పక్కన బెంచీ మీద కూర్చుండిపోయాను. అక్క తన స్టూలు తెచ్చి నా ముందు వేసుకుని కూర్చుంది. నాకన్నా ఒక జానెడు కిందుగా.

"గోలి ఇచ్చుడు తప్పు" అన్నాను ఏడుస్తూ.

"తప్పే. గని గది రెండో తప్పు. ఆమె నిన్ను డాక్టరమ్మా అన్నప్పుడు నువ్వు 'ఆఁ' అన్నవు చూడు, మొదటి తప్పు గది. నువ్వెవరో తెల్సుంటె ఆమె దవాఖానకు పోయేదే. పోదామనుకున్న మనిషిని నీ 'ఆఁ' ఆపింది."

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. కొప్పులోంచి నీలం పెన్ను తీసి నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

లచ్చవ్వ ఇంటికి వచ్చిన నాడు గల్లీ అంతా "మన డాక్టరమ్మ బతికించింది" అంది. బాపు ముఖం వెలిగిపోయింది. ఇంక నా వల్ల కాలేదు. అందరి ముందే, "నేను డాక్టర్ని కాను. డాక్టర్ని అయ్యేది గూడ లేదు. నేను ఫిజీషియన్ అసిస్టెంట్ సదువుతున్న. నేను ఆమెకు తప్పు గోలి ఇచ్చిన" అని చెప్పేశాను. బాపు లోపలికి పోయి గోడ మీది నా ఫోటో తీసి బియ్యం డబ్బా వెనక పెట్టాడు. నాతో మాట్లాడటం మానేశాడు.

ఈ సంగతి సలీం అన్న ద్వారా అక్కకు చేరింది. మరుసటి ఆదివారం ఆమె స్టూలు లేకుండా, సంచితో, బస్సు దిగి మా ఇంటికి వచ్చింది. మా అవ్వ, అంటే అమ్మ, అన్నం పెడితే కింద కూర్చుని తింది. మా ఇంట్లోనే ఆమె కూర్చుని తినగా చూశాను. బాపు గడప మీద అటు తిరిగి కూర్చున్నాడు.

"అన్నా, మీరు సాంచె నడుపుతరా?" అని అడిగింది అక్క.

"లేదమ్మా. పోగులు అతుకుత."

"అంటె బట్ట నేసేది మీరు గాదు."

బాపు గిర్రున ఇటు తిరిగాడు. "నేను గాదు. సాంచె నడిపేటాయన నేస్తడు. గని నేనతకకుంటె సాంచె ఎట్ల నడుస్తది? ఒక్క పోగు పక్క పోగుకు అతికితె తాను మొత్తం గీతలు వడ్తది. నేనతికిన బీముల ఇన్నేండ్లల్ల ఒక్క గీత రాలే. అడుగున్రి, సిరిసిల్ల మొత్తం అడుగున్రి!"

"అడగ పనిలేదన్నా, మీ బిడ్డ చెప్పింది" అంది అక్క. అంతే. దాని మీద ఇంకొక్క మాట అనలేదు. అవ్వ వైపు తిరిగి, "పచ్చిపులుసు ఇంకింత పోయి వదినె, మస్తున్నది" అంది. రెండోసారి పోసిందాకా అక్కడే కూర్చుని, పులుసులో ఉల్లిగడ్డ ఎంత సన్నగా తరగాలన్నది అవ్వతో మాట్లాడింది. బాపు అంతసేపూ తన వేళ్ళు చూసుకుంటూ కూర్చున్నాడు. ఆమె వెళ్ళేటప్పుడు బస్టాండు దాకా సంచి మోశాడు. ఫోటో మాత్రం డబ్బా వెనకే ఉండిపోయింది. నాతో మాటలు మొదలయ్యాయి కానీ, ఎవరన్నా "బిడ్డ ఏం సదివింది?" అంటే, "దవాఖానల చేస్తది" అని మాట మార్చేవాడు. ఏళ్ళ తరబడి అదే మాట.

సెలవుల తర్వాత వచ్చిన శనివారం నేను నాలుగోసారి బెంచీ మీద కూర్చున్నాను. పక్కన ఆదిలాబాద్ వైపు పత్తి రైతు, సగం మాటలు మరాఠీ; నన్ను 'తాయి', అంటే అక్కా, అని పిలిచాడు. ఏం చెప్పానో నాకు సరిగ్గా గుర్తు లేదు. చెప్పడం తక్కువ, ఆయన దగ్గు గురించి వినడం ఎక్కువ అయింది. అక్క వచ్చి అడిగితే ఆయన, "గీ తాయి డాక్టర్ గాదట. నా ముచ్చట డాక్టర్ కాడికి మోస్కపోతదట. మందు ఆయన్నే రాస్తడట" అన్నాడు. స్టూలు మీద అక్క చరిచిన దెబ్బకు హాలులో సగం మంది ఉలిక్కిపడ్డారు. వెండి చెవిని ఆమే నా కోటుకు గుచ్చింది. నా జన్మలో అంత గర్వం ఎన్నడూ పడలేదు. తర్వాత పట్టా తీసుకున్న రోజు కూడా ఇంత లేదు.

పోయిన నెల ఆస్పత్రిలో చూడటానికి పోతే మనిషి సగమైంది. కొప్పు లేదు, జుట్టు పలచబడి జడ వేశారు. కేస్ షీట్ రాస్తున్న కొత్త డాక్టరమ్మను ఆపి, "బిడ్డా, నేను నొప్పి అనలే. బరువు అన్న. కడుపుల బరువు. అట్లనే రాయి" అంటోంది. ఆ పిల్ల కొట్టేసి మళ్ళీ రాసింది. అక్క నా వైపు చూసి కన్ను గీటింది. నేను వచ్చేస్తుంటే చేయి పట్టుకుని, "మీ బాపు నీ ఫోటో మల్ల గోడకు పెట్టిండా?" అని అడిగింది. లేదన్నాను. "పెడ్తడు తియ్యి. ఆయన అతకపోతె ఎవలతుకుతరు" అంది. అదే చివరి మాట.

బస్సు మంచిర్యాల దాటి చెన్నూరు చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. సలీం అన్న, బాపు అప్పటికే చౌరస్తాలో ఉన్నారు. మా సంఘం పిల్లలు ఇరవై మంది దాకా తెల్ల కోట్లతో, కోట్లకు వెండి చెవులతో నిలబడి ఉన్నారు. ఫ్లెక్సీ కట్టిన గల్లీ కుర్రవాళ్ళు మాతో గట్టిగానే వాదానికి దిగారు.

"డాక్టర్ అని పెడితె మీకేం నష్టం? మా గల్లీల ఎవలకు జరమొచ్చినా ఆమెకాడికే పోతిమి. మాకు ఆమెనే డాక్టరు" అన్నాడు వాళ్ళలో పెద్దవాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, పొద్దుటి నుంచి ఏడ్చినట్టుంది.

నాకు కోపం చల్లారిపోయింది. "తమ్మీ, ఆమె ఎన్నడన్న మీకు గోలి ఇచ్చిందా?"

"ఇయ్యలే. అంత విని చిట్టి రాసి దవాఖానకు పంపేది."

"ఏ పెన్నుతోని?"

"నీలం." అని ఫ్లెక్సీ వైపు చూశాడు. "డాక్టర్ అంటె తిట్టేది అక్కా. నిజమే, మస్తు తిట్టేది" అని, తానే పక్కనున్న ఫ్లెక్సీ దుకాణానికి ఉరికాడు.

అరగంటలో పట్టీ అచ్చయి వచ్చింది. పాత అక్షరాలంత పెద్ద అక్షరాలతోనే 'ఫిజీషియన్ అసిస్టెంట్'. ఆ కుర్రవాడే నిచ్చెన ఎక్కాడు. బాపు కింద నిచ్చెన పట్టుకుని నిలబడి, పట్టీ వంకర పోకుండా "ఎడమకు... ఇంకింత... ఆఁ, ఆపు" అని చెబుతున్నాడు. పోగు సరిచూసుకునే కళ్ళవి.

చాయ్ హోటల్ ముందు కూర్చున్న ఒక పెద్దాయన ఇదంతా చూసి లేచి వచ్చాడు. "డాక్టరమ్మ అని మంచిగుండె గద, ఎందుకు తీసిన్రు? గదంటె ఏంది, కంపౌండరా ఆమె?"

నేను చెప్పబోయాను. సలీం అన్న నా మోచేయి పట్టుకుని ఆపాడు. ఆ పెద్దాయన అడిగింది నన్ను కాదు, నిచ్చెన పట్టుకున్న మనిషిని.

బాపు నిచ్చెన వదల్లేదు. "కంపౌండర్ గాదు, డాక్టర్ గాదు. నీకేం నొప్పున్నదో నువ్వు చెప్తవు గద. గది మొత్తం విని, ఒక్క పోగు తెగకుంట, ఒకదానికొకటి మెలివడకుంట డాక్టరుకు అతికేటోళ్ళు. మందు డాక్టరు రాస్తడు. వీళ్ళు లేకుంటె నీ ముచ్చట ఆయనకాడికి సగమే పోతది" అన్నాడు. అని, గడ్డంతో నా వైపు చూపించాడు. "గీమె నా బిడ్డ. గీమె గూడ గదే."

"అంటె నీ బిడ్డ డాక్టరు గాదన్నట్టు."

"గాదు" అన్నాడు బాపు, చౌరస్తా మొత్తం వినబడేటట్టు.

సలీం అన్న కళ్ళు తుడుచుకుంటూ అటూ ఇటూ చూశాడు. స్టూలు ఎక్కడా లేదు. పక్కనే మూసి ఉన్న దుకాణం షట్టరు మీద అరచేత్తో ఒక్క దెబ్బ చరిచాడు.

"పాస్!"